నా పోటీదారులే నా మాస్టార్లు!

హైదరాబాద్ చిక్కడపల్లిలోని సిటీ సెంట్రల్ లైబ్రరీకి పొద్దున్నే వెళ్తే చూడాలి, సీట్ల కోసం హడావిడి! అక్కడికి దగ్గర్లోనే అశోక్‌నగర్. గల్లీ గల్లీకి కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, జిరాక్స్ షాపులు. సర్కారు కొలువు కోసం జిల్లాల నుంచి వచ్చినవాళ్లంతా అక్కడే ఉంటారు. అంటే అందరూ ఒకరికొకరు పోటీ అన్నమాట. మరి ఆ పోటీదారులే సాయంత్రమయ్యేసరికి ఓ చోట చేరి ఒకరికొకరు పాఠాలు చెప్పుకుంటారంటే నమ్ముతారా? గ్రూప్-2కి చదువుతూ రెండేళ్లు ఆ గల్లీల్లో ఉన్నదాన్ని, నేను నమ్ముతాను. మా అయిదుగురి జట్టు అలాంటిదే.

ఎవరికి ఏది వచ్చు?

2022 డిసెంబరులో తెలంగాణ గ్రూప్-2 నోటిఫికేషన్ వచ్చింది. పోస్టులు 783. దరఖాస్తులు దాదాపు అయిదున్నర లక్షలు. పరీక్ష వాయిదాల మీద వాయిదాలు పడి, చివరికి 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో జరిగింది. నాలుగు పేపర్లు, ఒక్కోటి 150 మార్కులు. జనరల్ స్టడీస్ ఒకటి, చరిత్ర-రాజ్యాంగం-సమాజం ఒకటి, ఎకానమీ ఒకటి, తెలంగాణ ఉద్యమం ఒకటి. ఏ డిగ్రీ చదివినవాళ్లకైనా ఇందులో కొంత తెలిసినట్టుంటుంది, మిగతాదంతా కొత్త.

నాది ఎం.ఏ. హిస్టరీ. తేదీలు, ఉద్యమాలు అడగండి, చెప్తా. లెక్కలంటే మాత్రం చెమటలు. బీటెక్ చదివిన కరీంనగర్ అన్నకు అర్థమెటిక్, రీజనింగ్ కొట్టిన పిండి. చరిత్ర తీస్తే ఆవలింతలు. బీకాం తమ్ముడు బడ్జెట్ లెక్కలను కథలా చెప్పేవాడు. ఇంకొకరు, పంచాయతీ కార్యదర్శిగా చేస్తూ సెలవు పెట్టి వచ్చిన అక్క. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని 2018 పంచాయతీరాజ్ చట్టంలో ఉన్న మాట మేం బట్టీ పట్టేవాళ్లం. అక్కకు బట్టీ అక్కర్లేదు, ఎండాకాలం ట్యాంకర్‌తో ఆ మొక్కలకు నీళ్లు పోయించింది తనే కదా!

అయిదోవాడు నల్గొండ తమ్ముడు. అతనికి ఏ సబ్జెక్టులోనూ గట్టి పట్టు లేదు. ‘ఇతను మనకేం చెప్తాడు?’ అని ఒకరిద్దరు గుసగుసలు కూడా పోయారు.

రోజూ సాయంత్రం ఒక గంట. ఒకరు చెప్పాలి, నలుగురు వినాలి. చివర్లో ఆ పాఠంలో అందరికన్నా వెనకబడ్డవాళ్లు మళ్లీ చెప్పాలి. అదే మా నియమం.

పత్తి చేనులో లెక్క

ఓ రోజు ‘కాలం-పని’ లెక్కలు. ఒక పనిని ఒకరు 12 రోజుల్లో, ఇంకొకరు 15 రోజుల్లో చేస్తే ఇద్దరూ కలిసి ఎన్ని రోజుల్లో చేస్తారు? అన్న క.సా.గు. 60 తీసుకోమన్నాడు. ఎందుకు తీసుకోవాలో నా బుర్రకెక్కలేదు. అప్పుడు నల్గొండ తమ్ముడు అందుకున్నాడు.

“అక్కా, 60 సాళ్ల పత్తి చేను అనుకో. ఒకామె రోజుకు 5 సాళ్లు కలుపు తీస్తది, ఇంకొకామె 4 సాళ్లు. ఇద్దరు కల్సి 9. ఇగ 60 సాళ్లు ఎన్ని రోజులల్ల అయితయి?”

ఆరు రోజులు, ఏడో రోజు మూడింట రెండొంతులు! అన్న దగ్గర సూత్రముంది, తమ్ముడి దగ్గర చేనుంది. నాకు రెండూ కావాల్సి వచ్చాయి.

ఇంకోరోజు పాఠం నాది. 1973లో ఆరు సూత్రాల పథకం, 32వ రాజ్యాంగ సవరణ, 371-డి అధికరణ అని గడగడా చెప్పుకుపోతున్నా. “అక్కా, ముల్కీ నిబంధనలు చెల్లుతయని 1972ల సుప్రీంకోర్టే చెప్పింది గద. మరి మల్ల ఆరు సూత్రాలెందుకు?” అన్నాడు. జవాబు చెప్పాలంటే ఆ తీర్పు తర్వాత ఆంధ్ర ప్రాంతంలో జై ఆంధ్ర ఉద్యమం రేగడం, 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన రావడం, రాజీగా ఆరు సూత్రాలు రావడం, వాటితో ముల్కీ నిబంధనలే పోవడం, అన్నీ కలిపి చెప్పాలి. చెప్పాను. ఆ వరస మళ్లీ నేను మర్చిపోలేదు. అతని బలమేంటో జట్టుకు ఆ రోజు తెలిసింది. అతనికి అడగడం వచ్చు.

ఇలా నేర్చుకోవడం బడిపిల్లల మీద ఎప్పుడో ప్రయోగించి చూశారు. 1971లో అమెరికాలోని ఆస్టిన్‌లో వేర్వేరు జాతుల పిల్లలు ఒకే బడిలో చేరి గొడవలు పడుతుంటే, ఎలియట్ ఆరన్‌సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పాఠాన్ని ముక్కలు చేసి తలా ఒక ముక్క ఇచ్చాడు. ఎవరి ముక్క వాళ్లు నేర్చుకుని మిగతావాళ్లకు చెప్పాలి. ఏ ఒక్కరి మాట వినకపోయినా పాఠం పూర్తికాదు. దాన్ని ‘జిగ్‌సా’ పద్ధతి అంటారు.

నోట్సు ఇవ్వాలా, వద్దా?

“నీ నోట్సు పంచిపెట్టి నీ సీటు పోగొట్టుకుంటవా?” అని మా హాస్టల్లో ఒకామె అడిగింది. నాకొచ్చిన కాస్త లెక్కతోనే జవాబు చెప్పా. నా నోట్సు వల్ల నలుగురూ నన్ను దాటితే నాకు పోయేవి నాలుగు ర్యాంకులు. వాళ్ల వల్ల నాకు పది మార్కులు పెరిగితే నేను దాటేది ఎందరినో!

చెప్పడం తేలికే, ఇవ్వడమే కష్టం. బీకాం తమ్ముడు ఎనిమిది నెలలు కూర్చుని ఎకానమీ నోట్సు రాసుకున్నాడు. అడిగితే ఆ రోజు ఏమీ అనలేదు. మర్నాడు తనే జిరాక్స్ షాపుకు తెచ్చాడు. ఆదివారాలు తనకోసం కూర్చుని రీజనింగ్ చెప్పిన అన్న గుర్తొచ్చాడట.

ఫలితాల్లో మా అయిదుగురిలో ఇద్దరికి కొలువులొచ్చాయి, బీకాం తమ్ముడికి, పంచాయతీ అక్కకు. నాకు రాలేదు. “ఉద్యమం పేపర్ రాస్తుంటే నీ గొంతే ఇనవడ్డది చెల్లే” అని అక్క ఫోన్ చేసింది. ఫోన్ పెట్టేశాక ఏడుపు రాలేదంటే అబద్ధం. కానీ వాళ్లకు చెప్పకుండా దాచుకునుంటే నాకు వచ్చేదా అని ఆలోచిస్తే, రాదు. నాకు తక్కువ పడ్డది లెక్కల్లో. ఆ లెక్కలైనా అంతమాత్రం వచ్చాయంటే వాళ్ల పుణ్యమే.

మీరూ ఇలా జట్టు కట్టాలనుకుంటే నాలుగు మాటలు. అందరూ ఒకే సబ్జెక్టువాళ్లయితే లాభం లేదు, తలా ఒకటి వచ్చినవాళ్లను వెతుక్కోండి. ఎవరెంత ధీమాగా చెప్పినా తెలుగు అకాడమీ పుస్తకం తెరిచి సరిచూసుకోండి, తప్పు కూడా నోటి మాటగానే పాకుతుంది. తీసుకోవడమే తప్ప ఇవ్వనివాళ్లుంటే ఒక పాఠం అప్పజెప్పి చూడండి, అప్పుడూ మారకపోతే దండం పెట్టేయండి. ప్రశ్నలడిగేవాళ్లను మాత్రం వదులుకోకండి.

ఇప్పుడు నేనో కాలేజీలో చరిత్ర చెప్తున్నా. మళ్లీ నోటిఫికేషన్ వస్తే రాస్తా. జట్టుకు లెక్కలొచ్చినవాళ్లు ఒకరు కావాలి. చరిత్ర సంగతి నేను చూసుకుంటా.