భాస్వరాన్ని తూచిన నీలం

గోదావరికి వరదొస్తే డెల్టాలో ఎవరూ నది ఎంత భయంకరంగా ఉందని అడగరు. ధవళేశ్వరం దగ్గర ఎన్ని అడుగులుందని అడుగుతారు. 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ మూడు అంకెలను బట్టే లంకల్లో పశువులు గట్టెక్కుతాయి, రేవుల్లో పడవలు ఆగిపోతాయి, అధికారులు నిద్ర మానుకుంటారు. అంత నది కళ్లెదుట పారుతున్నా, ఏం చెయ్యాలో మనిషికి చెప్పేది ఆ కొలతే. జీవశాస్త్ర చరిత్ర దగ్గరికొచ్చేసరికి మాత్రం మనకు ఈ బుద్ధి ఉండదు. డార్విన్ ఏమన్నాడు, మెండెల్ ఏం కనిపెట్టాడు అని పిల్లలచేత వల్లె వేయిస్తాం గానీ, ఏ కొలబద్ద చేతికొచ్చాక ఏ సంగతి బయటపడిందో చెప్పం. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు విషయంలోనూ ఇదే జరిగింది. మందుల పేర్లు నాలుగు చదివి ఆయన పటానికి దండేస్తాం. ముప్పై ఏళ్ల వయసులో ఆయన సైరస్ ఫిస్క్‌తో కలిసి తయారుచేసిన ఒక నీలిరంగు కొలత సంగతి ఎవరూ ఎత్తరు. ఆయన పనిలో అన్నిటికన్నా మౌలికమైనది అదేనని, ఆ మందుల కథను కూడా అక్కణ్ణుంచే మొదలుపెట్టాలని నా వాదన.

ఆ కొలత పుట్టుకకు ముందు మనిషి ప్రయాణం క్లుప్తంగా చెప్పుకుందాం. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చదువు రాజమండ్రిలో మొదలై మద్రాసు చేరింది. మెట్రిక్ గట్టెక్కింది మూడోసారికి. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు శస్త్రచికిత్స ప్రొఫెసరుకు కంటగింపై, ఎం.బి.బి.ఎస్. రావలసిన చోట ఎల్.ఎం.ఎస్. చేతికొచ్చింది. కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన సాయం, మామగారు సర్దిన డబ్బు కలిపి 1922 అక్టోబరు 26న బోస్టన్‌లో దిగారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా పూర్తిచేసి జీవరసాయన శాఖలో చేరారు. ఆ శాఖకు పెద్ద ఓటో ఫోలిన్. రక్తంలో, మూత్రంలో ఏ పదార్థం ఎంతుందో రంగు చూసి చెప్పే పద్ధతులకు పేరుపడ్డవాడు. అంటే సుబ్బారావు చేరింది రంగునే తక్కెడగా వాడే ఇంట్లో. ఆ ఇంట్లో ఇంకా కుదురుగా తూగని సరుకు ఒకటుంది, భాస్వరం.

భాస్వరం ఎముకల్లో ఉందని, రక్తంలో ఉందని అప్పటికే తెలుసు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల రక్తంలో వంద మిల్లీలీటర్ల సీరంకు మూడు నాలుగు మిల్లీగ్రాములు, అంతే. ఇంత కొద్ది సరుకును పాత పద్ధతిలో అవక్షేపంగా దించి, ఎండబెట్టి, తూకం వెయ్యాలంటే బోలెడు రక్తం కావాలి. ఆమ్లంలో మాలిబ్డేట్ కలిపితే అది ఫాస్ఫేట్‌తో జతకడుతుందని, ఆ జంటకు ఎలక్ట్రాన్లు అందించే పదార్థం తగిలితే నీలంగా మారుతుందని రసాయనులు ఎరుగుదురు. 1920లో బెల్, డాయిజీ ఈ నీలాన్నే కొలతకు పెట్టారు. వాళ్లు వాడిన హైడ్రోక్వినోన్ పద్ధతిలో చివర క్షారం కలపాలి, వచ్చిన రంగు చూస్తూండగానే వెలిసిపోయేది. 1922లో బ్రిగ్స్ దాన్ని సరిదిద్దితే రంగు నిలిచింది గానీ, రావడానికి చాలాసేపు పట్టేది. ఫిస్క్, సుబ్బారావు హైడ్రోక్వినోన్‌ను తీసేసి అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం పెట్టారు. ఐదు నిమిషాల్లో రంగొచ్చింది, వచ్చింది నిలిచింది. 1925లో జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ 66వ సంపుటంలో ఇరవై ఆరు పేజీల పత్రంగా అచ్చయింది.

దీనితో పనిచేసే యంత్రాన్ని ఒకసారి దగ్గరగా చూడాలి. దాని పేరు డ్యుబాస్క్ కలరీమీటర్. పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి పనివాడు జూల్ డ్యుబాస్క్ పేరు మీద వచ్చింది. పక్కపక్కనే రెండు గాజు గిన్నెలు, ఒక్కో గిన్నెలోకి దిగే ఒక గాజు కడ్డీ, కింద వెలుగు, పైన కన్ను ఆనించే గొట్టం. ఒక గిన్నెలో భాస్వరం ఎంతుందో ముందే తెలిసిన నీలం, రెండోదాంట్లో తేల్చవలసిన నీలం పోస్తారు. గొట్టంలో చూస్తే గుండ్రటి బిళ్ల సగం ఒక రంగులో, సగం ఇంకో రంగులో కనిపిస్తుంది. మర తిప్పుతూ గిన్నెను పైకీ కిందికీ జరపాలి. రెండు సగాలూ కలిసిపోయి మధ్య గీత మాయమైన చోట ఆగి, పక్కనున్న స్కేలు చదవాలి. తెలిసినదాన్ని 20 మిల్లీమీటర్ల లోతున పెట్టినప్పుడు తెలియనిది 10 మిల్లీమీటర్లకే సరితూగితే, దాని చిక్కదనం రెట్టింపని లెక్క. బట్టలకు పెట్టే నీలిమందు ఒక చుక్క పడ్డ బకెట్టుకూ నాలుగు చుక్కలు పడ్డ బకెట్టుకూ తేడా ఇంటి ఇల్లాలు ఎలా పోలుస్తుందో, ఇదీ అంతే. కాకపోతే ఇక్కడ ఆ పోలికకు అంకె వస్తుంది.

ఈ కొలతను రక్తం నుంచి కండరానికి తెచ్చినప్పుడు అసలు కథ మొదలైంది. పిల్లి కండరం నుంచి తీసిన ద్రవంలో కారకాలు కలిపితే రంగు ఐదు నిమిషాల్లో ఆగలేదు. నిమిషాలు గడిచేకొద్దీ ముదురుతూ పోయింది. తొందరపాటు మనిషైతే మందు పాడైందని పారబోసి మళ్లీ కలుపుకునేవాడు. వీళ్లిద్దరూ ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. ఉన్న ఫాస్ఫేట్ అంతా విడిగా ఉంటే రంగు వెంటనే రావాలి. ఆలస్యంగా వస్తోందంటే కొంత ఫాస్ఫేట్ దేనికో అతుక్కుని ఉండి, ఆ ఆమ్లంలో మెల్లగా ఊడివస్తోందన్నమాట. అతుక్కున్నది క్రియాటిన్‌కు అని తేల్చి 1927లో సైన్స్ పత్రికలో ప్రకటించారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. కండరాన్ని విద్యుత్తుతో కదిలిస్తే అది తగ్గుతుంది, విశ్రాంతినిస్తే మళ్లీ పెరుగుతుంది. అంతకుముందు కండరంలో విడి ఫాస్ఫేట్ అని అందరూ రాసిపెట్టిన లెక్కల్లో చాలా భాగం నిజానికి ఈ అతుకుల పదార్థానిదే. పాత పద్ధతులు దాన్ని కొలవకముందే విరిచేసేవి. కొలత త్వరగా పూర్తికావడం పని తొందర కోసమే అనుకుంటాం. ఇక్కడ ఆ త్వరే ఒక కొత్త పదార్థాన్ని బతికుండగా పట్టిచ్చింది.

దీని దెబ్బ తగిలింది చిన్నవాళ్లకు కాదు. కండరం కదలికకు మూలం లాక్టిక్ ఆమ్లమే అన్న భావన అప్పుడు రాజ్యమేలుతోంది. కండరంలో వేడి మీద, లాక్టిక్ ఆమ్లం మీద చేసిన పనికి ఎ.వి. హిల్, ఓటో మేయర్‌హాఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి దక్కింది కూడా. ఫాస్ఫోక్రియాటిన్ వచ్చి ఆ మేడ పునాదిని కదిపింది. 1930లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఐనార్ లుండ్స్‌గార్డ్, లాక్టిక్ ఆమ్లం తయారుకాకుండా విషం పెట్టిన కండరం కూడా ముడుచుకుంటుందని, ఆ ఖర్చు ఫాస్ఫోక్రియాటిన్ ఖాతాలో పడుతుందని చూపించాక ఇక వాదనకు చోటు లేకపోయింది. ఈలోగా 1929లో ఫిస్క్, సుబ్బారావు కండరం నుంచి ఇంకో భాస్వర పదార్థాన్ని వేరుచేశారు. అది అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, ఏటీపీ. మనం రెప్పవేసినా, నారు గుంజినా ఖర్చయ్యే నాణెం అదే.

ఇక్కడ మొదటి ఆక్షేపణ వస్తుంది. ఏటీపీని అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా కనుగొన్నాడు కదా, ఫాస్ఫోక్రియాటిన్ జాడను లండన్‌లో ఎగిల్టన్ దంపతులు కూడా పట్టి ఫాస్ఫాజెన్ అని పేరు పెట్టారు కదా, మరి ఒక్కరి గొప్ప ఏముంది అంటారు. నిజమే, పరుగులో వాళ్లూ ఉన్నారు. అయితే ఈ ఆక్షేపణ నా వాదనకు బలమే ఇస్తుంది. లోమాన్ 1926లో యెండ్రాషిక్‌తో కలిసి కండరంలో భాస్వరం కొలిచే పద్ధతిని ప్రచురించాడు. అది ఫిస్క్–సుబ్బారావు పద్ధతికి చేసిన సవరణే. ఏటీపీ ప్రయోగశాలల్లో చాలాకాలం ఎలా గుర్తుపట్టేవారో చూడండి: ద్రవాన్ని ఆమ్లంలో, మరిగే నీటి వేడిమీద, సరిగ్గా ఏడు నిమిషాలు ఉంచాలి. ముందున్న నీలానికీ తర్వాత వచ్చిన నీలానికీ తేడా తీస్తే, ఊడివచ్చిన రెండు ఫాస్ఫేట్ల లెక్క తేలుతుంది. దానికి ఏడు నిమిషాల భాస్వరం అనే పేరే స్థిరపడింది. ఏటీపీకి పేరు, రూపం కుదరకముందు దాని ఉనికి ఒక నీలపు తేడా. ఏటీపీ కోసం పోటీపడ్డ రెండు పక్షాలూ పరిగెత్తిన బాట ఒకటే అయినప్పుడు, బాట వేసినవాళ్లను పందెం ఫలితాల పట్టికలో వెతికితే ఎలా?

రెండో ఆక్షేపణ కొంచెం గట్టిది. బెల్, డాయిజీ, బ్రిగ్స్ ముందే ఉన్నారు, వీళ్లు ఒక మందు తీసి ఇంకో మందు పెట్టారంతే, దాన్ని ఆవిష్కరణ అనవచ్చా అని. గోదావరి వాళ్లకు దీనికి జవాబు దూరం పోకుండానే దొరుకుతుంది. నదికి అడ్డంగా ఆనకట్ట కట్టడం ఆర్థర్ కాటన్ కనిపెట్టింది కాదు. ఇసుకలో పునాది నిలిపే కిటుకు ఆయన కావేరి మీద శతాబ్దాలనాటి కల్లణైని చూసి నేర్చుకున్నదే. అయినా 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టను సవరణ అని ఎవరూ అనరు. అంతకుముందు లేని పంట దాని తర్వాత వచ్చింది కాబట్టి. వెలిసిపోయే రంగుతో ఒక నిపుణుడు నానా తంటాలు పడి ఒక అంకె తేవచ్చు. నిలిచే రంగుతో మామూలు విద్యార్థి రోజుకు పదుల అంకెలు తేగలడు. ఇరవయ్యో శతాబ్దంలో ఎక్కువమంది శాస్త్రవేత్తలు తమ పత్రాల్లో ఉదహరించిన పత్రాల జాబితాల్లో ఈ 1925 నాటి పత్రం కనిపిస్తూ వచ్చింది. మేధావుల మెప్పు కోసం కాదు, మేం భాస్వరం ఇలా కొలిచాం అని చెప్పుకోక తప్పక. ఇలాంటి ఉదహరింపుకు విలువ తక్కువని కొందరు చప్పరిస్తారు. నాకైతే పొగడ్తకంటే వాడకమే ఖరీదైన సాక్ష్యం.

ఇక ఎవరి వాటా ఎంత? ఫిస్క్ పేరు ముందు, సుబ్బారావు పేరు తర్వాత. తెలుగువాళ్లం రెండో పేరును ముందుకు లాగాలని చూస్తాం. ప్రయోగశాల ఫిస్క్‌ది, ఆయన సీనియర్. ఆ బల్ల దగ్గర ఎవరి చెయ్యి ఎంత ఆడిందో ఈ పూట విడదీసి పంచే తక్కెడ లేదు, పంచాననేవాడి మాట నమ్మక్కర్లేదు. అయితే ఆ శాఖలో వీళ్లతోపాటు పనిచేసి, 1988లో నోబెల్ పొందిన జార్జ్ హిచింగ్స్ తర్వాతి రోజుల్లో ఒక మాట చెప్పాడు. సుబ్బారావు వేరుచేసిన పదార్థాల్లో కొన్నిటిని ఏళ్ల తర్వాత ఇతరులు మళ్లీ కనుగొనవలసి వచ్చిందని, ఆ పని వెలుగు చూడకుండా ఫిస్క్ అడ్డుపడ్డాడని దాని సారాంశం. ఒక్క మాట చాలు, సుబ్బారావును ఫిస్క్ చేతికింద మనిషిగా కొట్టిపారేయడం న్యాయం కాదని తెలియడానికి.

మందులు ప్రాణాలు నిలిపాయి, రంగు ఎవరి ప్రాణం నిలిపింది అని మూడో ఆక్షేపణ. 1940 తర్వాత లెడర్లీ సంస్థలో ఆయన బృందాల నుంచి వచ్చినవి చిన్నవి కావు. ఫోలిక్ ఆమ్లం కృత్రిమ తయారీ, దానికి వ్యతిరేకంగా పనిచేసే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్, బోదకాలుకు హెట్రజాన్. 1948లో సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌తోనే పిల్లల్లో ల్యుకీమియా తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గుతుందని చూపించాడు. హెట్రజాన్, అంటే డీఈసీ మాత్ర, గోదావరి జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి మింగించినదే. వీటి ముందు నీలిరంగును నిలబెట్టి ఏది గొప్పని పందెం వెయ్యడం నా ఉద్దేశం కాదు. ఆ మందుల దారిని గమనించమంటున్నాను. కాలేయంలో ఎక్కడో అణువంత దాగిన ఫోలిక్ ఆమ్లాన్ని వెంటాడింది ఎలా? ఒక రకం లాక్టోబాసిల్లస్ బాక్టీరియా ఆ పదార్థం లేకపోతే పెరగదు, అందితే గొట్టంలో మబ్బు పట్టినట్టు పెరుగుతుంది. ఆ మబ్బు చిక్కదనమే కొలబద్ద. బోస్టన్‌లో నీలం, లెడర్లీలో మబ్బు. కనబడనిదాన్ని ముందు కొలిచే ఏర్పాటు చేసుకుని తర్వాత వేటాడటం సుబ్బారావు పట్టిన పద్ధతి. ఆ అలవాటు 1925 నుంచి వచ్చిందే.

ఈ కొలత ముసలితనం సంగతీ దాచనక్కర్లేదు. డ్యుబాస్క్ గిన్నెలు అటకెక్కి ఫోటో ఎలెక్ట్రిక్ మీటర్లు, స్పెక్ట్రోఫోటోమీటర్లు వచ్చాయి. కళ్లు చికిలించి గీత మాయం చేసే పని పోయింది. ఇవాళ ఆస్పత్రుల్లో రక్తంలోని భాస్వరం చూసే ఆటోమేటిక్ యంత్రాల్లో చాలావాటికి నీలం కూడా అక్కర్లేదు. మాలిబ్డేట్‌తో జతకట్టిన ఫాస్ఫేట్‌ను అతినీలలోహిత కాంతిలో నేరుగా చదివేస్తాయి. అలాగని వంశం అంతరించలేదు. 1959లో బార్ట్‌లెట్ చేసిన సవరణతో కణాల పొరల్లోని కొవ్వు భాస్వరం ఇప్పటికీ కొలుస్తున్నారు. భూసార పరీక్షల్లో వాడే ఆస్కార్బిక్ ఆమ్లం పద్ధతి దీనికి దాయాది: మాలిబ్డేట్ అదే, నీలం అదే, ముఖ్యంగా మారింది రంగు తెప్పించే మందు. 2015లో మొదలైన భూసార కార్డులో భాస్వరం ఎదురుగా పడే అంకె ఇలాంటి నీలం చూసి వేసినదే. యాభై కిలోల డీఏపీ బస్తాలో 23 కిలోల భాస్వరం, ఎరువుల లెక్కలో, ఉంటుంది. చేనులో ఇప్పటికే చాలినంత ఉంటే ఆ బస్తా డబ్బు కాలవ పాలే. డెల్టా రైతు ఆ సంగతి తెలుసుకోవాలన్నా గాజు గొట్టంలో నీలం తేలాల్సిందే.

భీమవరం, రాజమండ్రి, కాకినాడ కాలేజీల రసాయన శాస్త్ర అధ్యాపకులకు ఒక విన్నపం. ప్రతి జనవరి 12న ఉపన్యాసం పెట్టించే బదులు ఈ ప్రయోగం చేయించండి. అమ్మోనియం మాలిబ్డేట్, సల్ఫ్యూరిక్ ఆమ్లం, క్షయకరణి, ఒక కలరీమీటర్ చాలు, ఇవి లేని డిగ్రీ కాలేజీ ఉండదు. పక్క చేను మట్టి గానీ రొయ్యల చెరువు నీళ్లు గానీ తెప్పించండి. 1925 నాటి పత్రం ఆ జర్నల్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, కొలతలన్నీ అందులోనే ఉన్నాయి. కలిపాక ఐదు నిమిషాలు ఆగితే నీలం వస్తుంది.