పాలిమర్ భాగాలకు లోహపు పూత: పల్నాటి సేద్యపు యంత్రాలకు ఎంత మేలు?

నరసరావుపేట, గురజాల, మాచర్ల ప్రాంతాల మిరప, పత్తి చేలలో ఒక్క పంటకాలంలోనే పలుమార్లు మందు పిచికారీ చేయవలసి వస్తుంది. పిచికారీ యంత్రాల నాజిళ్లు, వాల్వులు, కొన్ని పనిముట్ల బుష్‌లు నేడు ఎక్కువగా పాలిమర్‌తో తయారవుతున్నాయి. అవి తుప్పు పట్టవు, తేలికగా ఉంటాయి, ధరా తక్కువే. చిక్కంతా అరుగుదలతోనే.

ఈ అరుగుదల రెండు విధాలు. బుష్‌లో ఇరుసు రాపిడికి వేడి పుడుతుంది. నైలాన్ ఉష్ణవాహకత సుమారు 0.25 వాట్లు (మీటరుకు, కెల్విన్‌కు) మాత్రమే. రాగికి అది దాదాపు 400. వేడి రాపిడి చోటనే నిలిచి నైలాన్ మెత్తబడుతుంది, అరుగుదల ఒక్కసారిగా పెరుగుతుంది. ఇక్కడ లోహపు పూతకు అర్థముంది. లెక్కప్రకారం 20 మైక్రాన్ల రాగి పొర, 3 మి.మీ. మందం గల నైలాన్ కంటే సుమారు పది రెట్లు వేడిని ఉపరితలం వెంబడి మళ్లించగలదు.

పాలిమర్‌లో విద్యుత్ ప్రవహించదు గనుక నేరుగా విద్యుల్లేపనం కుదరదు. ముందు ఉపరితలాన్ని రసాయనంతో గరుకుచేసి, పల్లాడియం కణాలు అంటించి, సోడియం హైపోఫాస్ఫైట్ కలిసిన ద్రావణంలో నికెల్‌ను నిక్షేపింపజేస్తారు. బ్రెన్నర్, రిడెల్ 1946లో వెల్లడించిన ప్రక్రియ ఇదే. ఈ నికెల్-ఫాస్ఫరస్ పూతను 400 డిగ్రీల సెల్సియస్ వద్ద గంటసేపు వేడిచేస్తే కాఠిన్యం దాదాపు రెట్టింపవుతుంది. కానీ నైలాన్-6 సుమారు 220 డిగ్రీలకే కరిగిపోతుంది! ఉక్కుకు దక్కే ఆ లాభం పాలిమర్‌కు దక్కదు.

అంతకంటే పెద్ద అడ్డంకి అతుకుదల. వేడికి నైలాన్ నికెల్ కంటే సుమారు ఆరు రెట్లు వ్యాకోచిస్తుంది. పైగా నీటిని పీల్చి ఉబ్బుతుంది. పూత పగిలి రాలితే ఆ రేకులే ఇసుకలా పనిచేసి, పూత లేని బుష్ కంటే వేగంగా అరగదీస్తాయి. కాబట్టి నిత్యం తడిసే భాగాలకు నైలాన్ మీద పూత కంటే, నీటిని తక్కువగా పీల్చే అసిటాల్ భాగమే మేలు.

నాజిల్ సంగతి వేరు. కాపర్ ఆక్సీక్లోరైడ్ వంటి పొడి మందుల రేణువులు నీటిలో కరగక, పీడనంతో దూసుకుపోతూ రంధ్రాన్ని తొలుస్తాయి. కాలువ నీటి ఒండ్రు వాటికి తోడవుతుంది. ఇక్కడ వేడి ప్రసక్తి లేదు, పలుచని పూతపై ఖర్చు దండగ. సిరామిక్ నాజిల్ ఎక్కువ కాలం మన్నుతుంది. ఏ నాజిలైనా ఒకే పీడనంతో నిమిషంపాటు కొలపాత్రలోకి పట్టి చూడాలి. కొత్తది 500 మి.లీ. ఇచ్చిన చోట పాతది 550 దాటితే, ఎకరాకు పడే మందు పది శాతం మించుతున్నట్లే. దానిని మార్చవలసి ఉంటుంది.