కంటిలోని నల్లమచ్చ: నీవస్, మెలనోమాల భేదనిర్ణయం

1. ఉపోద్ఘాతం

శరీరంలో మరోచోట గడ్డ కనిపిస్తే వైద్యులు సాధారణంగా చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. కంటిలోపలి గడ్డకు ఆ మార్గం సులభం కాదు. సూది గుచ్చితే రక్తస్రావం జరగవచ్చు, రెటీనా దెబ్బతినవచ్చు. కాబట్టి ఇక్కడ రోగనిర్ణయం ప్రధానంగా పరిశీలనమీద, కొలతలమీద ఆధారపడుతుంది. ఆ క్రమాన్ని వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. మచ్చ - గడ్డ

రెటీనాకు, తెల్లగుడ్డుకు నడుమ రక్తనాళాలతో నిండిన పొర రక్తపటలం. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ దీని కణాల్లోనూ ఉంటుంది. ఆ కణాలు ఒకచోట గుమిగూడి నిలకడగా ఉంటే నీవస్, అంటే కంటిలోని పుట్టుమచ్చ. అదుపుతప్పి పెరిగితే మెలనోమా అనే క్యాన్సర్. ‘పుట్టుమచ్చ’ అనే మాట మార్పులేనిదన్న భరోసానిస్తుంది. ఆ భరోసా ఇక్కడ పూర్తిగా చెల్లదు. అరుదుగానైనా నీవస్ మెలనోమాగా మారవచ్చు.

3. అనుమాన లక్షణాలు

మందం 2 మిల్లీమీటర్లు దాటడం, రెటీనా కింద నీరు చేరడం, మచ్చపై నారింజరంగు పొడలు కనిపించడం, చూపు మసకబారడం లేదా మెరుపులు తోచడం, అల్ట్రాసౌండ్‌లో గడ్డ లోపలిభాగం బోలుగా కనిపించడం ముఖ్యమైనవి. వీటిలో ఏ ఒక్కటీ స్వయంగా నిర్ణాయకం కాదు. ఒకటికి మరొకటి తోడైనకొద్దీ అనుమానం బలపడుతుంది. గడ్డ పుట్టగొడుగు ఆకారం దాల్చితే మాత్రం అది మెలనోమాకు బలమైన సూచన. రెటీనా కింద గడ్డకట్టిన రక్తం కూడా నల్లగా కనిపించి భ్రమ కలిగిస్తుంది. అయితే అది క్రమంగా కరుగుతుంది, మెలనోమా కరగదు.

4. నిర్ణయ విశ్వసనీయత

అమెరికాలో జరిగిన కొలాబొరేటివ్ ఆక్యులర్ మెలనోమా స్టడీ 1990లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, మెలనోమాగా నిర్ణయించి తొలగించిన 413 కళ్లలో 411 నిర్ణయాలు సరైనవని సూక్ష్మదర్శిని పరీక్షలో తేలింది. అయితే అవి మధ్యరకం, పెద్ద గడ్డలు. చిన్న గడ్డల విషయంలో ఇంత నిశ్చయం సాధ్యం కాదు.

5. ముగింపు

అసలు చిక్కు ఆ చిన్న గడ్డల దగ్గరే. తొందరపడి రేడియేషన్ ఇస్తే, నీవస్‌తో హాయిగా బతకగల వ్యక్తి చూపు కోల్పోవచ్చు. ఉపేక్షిస్తే మెలనోమా కాలేయానికి పాకి ప్రాణం తీయవచ్చు. అందుకే సందేహాస్పదమైన మచ్చను ఫొటో తీసి, మందం కొలిచి, కొన్ని నెలల తరువాత మళ్లీ పోల్చిచూస్తారు. ఆ పోలికకు మొదటి ఫొటోయే ఆధారం. దాన్ని భద్రపరచుకోవడం, చెప్పిన గడువుకు తిరిగి వెళ్లడం రోగి వంతు. కంటిలోని మచ్చ స్వభావాన్ని చాలాసార్లు తేల్చేది ఒక్కనాటి చూపు కాదు, రెండు చూపుల మధ్య కనిపించే తేడా.