వాడికి అర్థం కాదులే

పరాయి భాష నేర్చేవాడికి ముందుగా వంటబట్టేవి తిట్లేనని మా సీనియర్లు చెప్పేవారు. నా విషయంలో అలా జరగలేదు. నాకు ముందుగా వంటబట్టింది "వాడికి అర్థం కాదులే" అన్న మాట. చైనీసులో దాన్ని "థింగ్ పు తుంగ్" అంటారు. థింగ్ అంటే వినడం, తుంగ్ అంటే గ్రహించడం, మధ్యనున్న పు "కాదు" అని చెప్పే ముక్క. చెవిన పడుతుంది గాని బుర్రకెక్కదు అని భావం. ఆ పు తీసేసి త పెడితే, "థింగ్ త తుంగ్", వింటే అర్థమవుతుంది అని మాట తిరగబడుతుంది.

మాది కరీంనగర్ జిల్లాలో వరి పండించే కుటుంబం. బి.ఎస్సీ. చదివేవాడికి చైనా వాళ్ళ భాష ఎందుకో మా బాపుకు ఇప్పటికీ బోధపడలేదు. సాయంకాలపు సర్టిఫికెట్ కోర్సులో ఏడాది పాటు మాండరిన్ చదివి, స్కాలర్షిప్పు దొరికితే కిందటి వేసవిలో రెండు నెలలు తైవాన్ దక్షిణాన ఉన్న తైనాన్ నగరానికి వెళ్ళాను.

మొదటి వారంలోనే హాస్టలు లిఫ్టులో ఇద్దరమ్మాయిలు నన్ను చూసి "హావ్ హెయ్" అనుకున్నారు. మా పాఠంలో హావ్ అంటే మంచి, హెయ్ అంటే నలుపు. మంచి నలుపు! కృష్ణుడిలా ఉన్నానన్నారు కాబోలని పళ్ళికిలించాను. తర్వాత టీచరమ్మను అడిగితే, అక్కడి వాడుకలో విశేషణానికి ముందొచ్చే హావ్‌కు "ఎంత" అని అర్థమట. ఎంత నల్లగా ఉన్నాడో! ఆ ఇకిలింపు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అయితే ఇదంతా దుర్మార్గమని అనుకోకండి. ఎండలో పనిచేసి ఇంటికొస్తే మా అవ్వ "ఎంత నల్లగైనవ్ బిడ్డా" అంటుంది. అది తిట్టా? అక్కడా అంతే. ఒంటి రంగు, మొహాన మొటిమలు ఎదుటే మాట్లాడుకుంటారు. "లావయ్యావే" అన్నది పలకరింపు కిందే చెల్లిపోతుంది. కనుక మాటకు అర్థం తెలిస్తే చాలదు. మొహం మీద అన్నారా, మొహం తిప్పుకుని అన్నారా అన్నది చూసుకోవాలి.

ఇందులో ఇంకో చిక్కుంది. కొత్తగా నేర్చేవాడికి కవిత్వం అందదు, వార్తలు అందవు. కాని నలుపు తెలుపు, లావు సన్నం, మురికి, కంపు ఇవన్నీ మొదటి పుస్తకంలోనే ఉంటాయి. నాలుగు మాటల్లో మూడు జారిపోయి, పట్టుబడిన ఆ ఒక్కటీ గుచ్చుకుంటుంది. మిగతా మూడింటినీ మన భయమే పూరిస్తుంది. పైగా స్వరాల గొడవ. "ఛోవ్" అన్న శబ్దాన్ని గొంతు కిందికి దించి పలికితే అనాకారి, పైనుంచి ఒక్క దెబ్బ కొట్టినట్లు పలికితే కంపు. ఒక రాత్రి బజారులో నా వెనక ఎవరో "హావ్ ఛోవ్" అన్నారు. కంపా, అనాకారా తేలక, ఎందుకైనా మంచిదని చొక్కా వాసన చూసుకున్నాను. తిరిగి చూస్తే వెనక కంపు టోఫు బండి! పులియబెట్టిన సోయా జున్నుతో చేస్తారు. దాని పేరులోనే కంపు ఉంది, జనం లొట్టలేసుకుంటూ తింటారు.

మనం "అదే... అదేంటంటే" అని నసిగినట్లే వాళ్ళు "నేయ్‌క, నేయ్‌క" అంటారు. 2020లో అమెరికాలోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఒక ప్రొఫెసరు పాఠంలో ఈ మాటను ఉదాహరణగా చెబితే, నల్లజాతి వారిని కించపరిచే మాటలా వినబడిందని విద్యార్థులు ఫిర్యాదు చేశారు. ఆయనను ఆ క్లాసు నుంచి తప్పించారు కూడా. ఆ మాటతో దెబ్బలు తిన్నవాళ్ళ చెవికి అది అలాగే వినబడుతుంది మరి.

కాని అన్నీ పొరపాట్లే కావు. రోజూ మధ్యాహ్నం నేను తినే అన్నం దుకాణంలో ఒకరోజు, చాప్‌స్టిక్కులతో తంటాలు పడుతుండగా, పనిచేసే ఆమె ఇండియా వాళ్ళు చేత్తో తింటారనీ "హావ్ త్సాంగ్", ఎంత మురికో అనీ అంది. దుకాణం అవ్వ ఆమెను వారించబోయింది. ఆమె తేలిగ్గా "థింగ్ పు తుంగ్" అంది. నేను తలెత్తలేదు. పళ్ళెంలో మెతుకులు చూస్తూ కూర్చున్నాను. డబ్బులిచ్చేటప్పుడు మాత్రం "థింగ్ త తుంగ్" అన్నాను. నా స్వరాలు అంత శుద్ధంగా మళ్ళీ ఎన్నడూ పలకలేదు. ఆమె మొహం ఎర్రబడింది. అవ్వ టీలో ఉడికించిన గుడ్డొకటి నా చేతిలో పెట్టింది. నేను తిన్నాను. ఆ మర్నాటి నుంచి ఆమె నన్ను "ష్వాయ్ క", అంటే అందగాడా అని పిలిచేది. పొంగిపోయేలోగా, అక్కడి దుకాణాల్లో మగవాడెవడొచ్చినా అలాగే పిలుస్తారని తెలిసింది.

2024 ఫిబ్రవరిలో మన కార్మికులను తీసుకోవడానికి తైవాన్ ఒప్పందం చేసుకుంది. ముందుగా ఈశాన్య భారతం వాళ్ళను తీసుకుంటామని, వాళ్ళ రంగూ తిండీ మాకు దగ్గరని అక్కడి అప్పటి కార్మికశాఖ మంత్రి అన్నారు. గొడవయ్యాక మార్చిలో క్షమాపణ చెప్పారు. మంత్రి మాట అనువాదమై మనదాకా వచ్చింది. అన్నం దుకాణం మాటకు నేను తప్ప అనువాదకుడు లేడు.

సంక్రాంతికి ఊరెళ్ళేసరికి యాసంగి నాట్లు మొదలయ్యాయి. కొన్నేళ్ళుగా మా వైపు బీహారు, బెంగాలు నుంచి మగవాళ్ళ ముఠాలొచ్చి నాట్లేస్తున్నాయి. మా కాక గట్టు మీద నిలబడి వాళ్ళ తిండి గురించి, స్నానాల గురించి ఒక మాటన్నాడు. అది ఇక్కడ రాయను. కిందటేడయితే నేనూ నవ్వేవాణ్ణి.

"మెల్లగనరాదే కాకా" అన్నాను.

"ఆళ్ళకేం సమజైతదిరా!"

నారు కట్ట అందుకోవడానికి మా కాళ్ళ దగ్గరికొచ్చిన కుర్రాడు తలెత్తలేదు. చేతిలోని నారునే చూస్తూ మళ్ళీ బురదలోకి దిగాడు. సాయంత్రం కూలి లెక్క చూసేటప్పుడు, ఇటు రావడం ఎన్నోసారని అతన్ని హిందీలో అడిగాను.

"నాలుగో పంట, అన్నా" అన్నాడు, తెలుగులోనే. కాక లెక్కపెడుతున్న నోట్లను మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు.