తోడిలో గాంధారం ఎందుకు ఊగుతుంది?

మందమర్రిలో బొగ్గుగని సైరన్ విన్నవారికి, కర్ణాటక సంగీతంలో స్వరాన్ని కదిలించే 'జారు' గమకం సగం తెలిసినట్టే. ధ్వని కింది నుంచి పైకి మధ్యలో ఎక్కడా తెగకుండా లేస్తుంది. గాయకుడు ఒక స్వరం నుంచి మరో స్వరానికి అలా వెళ్తే అది జారు.

గొంతులో ఈ పని చేసేవి స్వరతంత్రులు. మామూలుగా మాట్లాడేటప్పుడు అవి మగవారిలో సెకనుకు 100 నుంచి 130 సార్లు, ఆడవారిలో దాదాపు 200 సార్లు కంపిస్తాయి. స్వరపేటిక ముందు భాగంలోని క్రైకోథైరాయిడ్ కండరం వాటిని సాగదీస్తే కంపనం పెరిగి స్థాయి పైకి పోతుంది. వదిలితే దిగుతుంది. ఈ బిగింపును, సడలింపును అదుపులో పెట్టుకోవడమే గమక సాధన.

ఒపేరా గాయకుల గొంతులోనూ ఊగుడు ఉంది. దాన్ని వైబ్రాటో అంటారు. సెకనుకు 5 నుంచి 7 సార్లు, చిన్న పరిధిలో, సాధన చేసిన గొంతులో దాదాపు దానంతటదే వస్తుంది. మన సంగీతంలో స్వరాన్ని ఊపే గమకం 'కంపితం' అలా కాదు. ఎంత వెడల్పున, ఎంత వేగంతో ఊపాలో రాగం చెబుతుంది. తోడి రాగంలో గాంధారం ఒకచోట నిలవదు, రిషభ మధ్యమాల నడుమ ఊగుతుంది. భజన హార్మోనియం మీద తోడి స్వరాలను వరుసగా నొక్కి చూడండి, సింధుభైరవిలా వినిపిస్తుంది. అందుకే గమకాన్ని అలంకారం అనడం నాకు నచ్చదు. అది తీసేస్తే రాగమే మారిపోతుంది. సుబ్బరామ దీక్షితులు 1904లో తెలుగు లిపిలో అచ్చువేయించిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'లో స్వరాల మీద గమకాలకు ప్రత్యేక గుర్తులు పెట్టింది ఇందుకే.

ఇక గొంతు రకాలు. పాశ్చాత్యులు సొప్రానో, ఆల్టో, టెనర్, బాస్ అని ఎత్తును బట్టి విడదీసి, ఎవరి పాట వారికి రాస్తారు. 13వ శతాబ్దంలో దేవగిరిలో సంగీత శాస్త్రకారుడు శార్ఙ్గదేవుడు మాత్రం కఫ, పిత్త, వాతాలను బట్టి ఖాహుల, నారాట, బొంబక అని, వాటి కలయికను మిశ్రక అని గొంతు గుణాన్ని లెక్కించాడు. మన కచేరీలో ఒకే కృతిని ఎవరైనా పాడొచ్చు, మారేది శ్రుతి, అంటే ఆధార షడ్జం ఎత్తు, మాత్రమే. మగవారు సాధారణంగా 1, 2 శ్రుతుల దగ్గర, ఆడవారు 5, 6 దగ్గర పాడతారు. మంగళంపల్లి బాలమురళీకృష్ణలా మూడు స్థాయిల్లో తేలిగ్గా తిరిగే గొంతు అందరికీ ఉండదు.

సంగీతం నేర్పే గురువులకు ఒక విన్నపం. పిల్లల శ్రుతిని మీ గొంతును బట్టి కాక వాళ్ల గొంతును బట్టి పెట్టండి. 12 నుంచి 15 ఏళ్ల మధ్య మగపిల్లల స్వరపేటిక పెరిగి గొంతు మారుతుంది. ఆ రోజుల్లో తారస్థాయికి బలవంతపెట్టకండి, శ్రుతి తగ్గించి పాడించండి.