గడపకు వచ్చిన ఆస్పత్రికి మన ఊపిరి మాట చెప్పాల

2021 ఆగస్టు 5న మన కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ ఒక పథకాన్ని మొదలుపెట్టినారు. దాని పేరు 'మక్కళై తేడి మరుత్తువం'. మన మాటలో చెప్పాలంటే జనాన్ని వెతుక్కుంటా వచ్చే వైద్యం. బీపీ, షుగరు ఉండేవాళ్ల ఇంటికే ఒకామె వచ్చి చూసి, మాత్రలు ఇచ్చి పోతుంది. మంచాన పడినవాళ్లకు నర్సమ్మ వస్తుంది. కాలూ చేయీ పడిపోయినవాళ్లకు కసరత్తు చేయించేవాళ్లు వస్తారు. కిడ్నీలు చెడి ఇంట్లోనే కడుపు గుండా డయాలిసిస్ చేసుకునేవాళ్లకు ఆ నీళ్ల సంచులు గుడా ఇస్తారు. 2024లో ఐక్యరాజ్యసమితి ఈ పథకానికి అవార్డు ఇచ్చింది. తెలుగు, తమిళం, కన్నడం మూడూ కలిపి మాట్లాడే మన సీమలోనే ఇది మొదలైందని చెప్పుకోవడానికి మనకు సంతోషమే.

దీనివల్ల మన మిల్లు సంసారాలకు ఏం మేలు జరిగింది, ఇంకా ఏం కావాల అనేది రాస్తా ఉండాను. నేను చదివింది ఐదో తరగతి. నూలు మిల్లులో 32 ఏండ్లు పనిచేసి బయటికి వస్తిని. డాక్టరు మాదిరి రాయలేను. నేను చూసిందీ, తెలిసినోళ్లను అడిగి తెలుసుకున్నదీ రాస్తాను.

ఆమె సంచిలో ఏముంది?

మా మత్తిగిరి వీధికి వచ్చే ఆమె మహిళా సంఘంలో ఉండే మనిషి. ఆమె సంచిలో ఒక బీపీ మిషను, వేలికి సూది పొడిచి షుగరు చూసే చిన్న మిషను, మాత్రల పొట్లాలు, ఒక ఫోను ఉంటాయి. చూసిన లెక్క ఫోనులో ఎక్కిస్తుంది. "ఏమక్కా, పోయిన తూరి ఇచ్చిన మాత్రలు మిగిలినాయే, మింగలేదా?" అని తెలుగులోనే అడుగుతుంది. పక్కింట్లో తమిళం, ఆ పక్కింట్లో కన్నడం.

మేము పనిచేసే రోజుల్లో ఒక బీపీ మాత్ర కావాలంటే సగం షిఫ్టు పోయేది. పొద్దున బస్సెక్కి హొసూరు పోవాల, చీటీకి నిలబడాల, డాక్టరుకు నిలబడాల, మాత్రకు మళ్లా నిలబడాల. సగం కూలి పోతుందని శానా మంది మాత్ర మానేస్తా ఉండిరి. బీపీకి నొప్పి ఉండదు కదా, మానేసినా ఆ పొద్దు ఏమీ కాదు. పదేండ్లకు ఒకనాడు మూతి వంకర పోయి, చేయి పడిపోయి మంచాన పడతారు. అట్ల పడినవాళ్లు మా వీధిలోనే ముగ్గురు ఉండారు. కాబట్టి మాత్ర ఇంటికి రావడం చిన్న విషయం అని ఎవురూ అనుకోవద్దు.

ఆ మాత్ర వెనకాల ఒక ఏర్పాటు ఉంది. 1994లో తమిళనాడు సర్కారు మందులు కొనడానికని ఒక కార్పొరేషను పెట్టింది. అంతకు ముందు మందులు ఒక ఆస్పత్రిలో కుప్పలుగా పడి ఉంటే ఇంకో ఆస్పత్రిలో ఉండేవి కావు. కార్పొరేషను వచ్చినాక రాష్ట్రానికంతా ఒకే చోట టెండరు వేసి కొంటారు. జిల్లాలో గోడౌను పెట్టి, ఒక్కో ఆస్పత్రికీ ఒక్కో పాసుబుక్కు ఇచ్చి, ఎంత తీసుకుంటే అంత దాంట్లో రాస్తారు. ఏ గోడౌనులో ఏం మందు ఎంత ఉందో కంప్యూటరులో చూస్తారు. మన మిల్లు స్టోరులో స్పేరు పార్టుకు ఇండెంటు రాసి తీసుకునే మాదిరే అనుకోండి. స్టోరులో సరుకు లేకుంటే మిషను నిలిచిపోతుందని మనకు చెప్పాల్సిన పని లేదు.

పాదరసం పోయి బ్యాటరీ వచ్చె

పాత బీపీ మిషను మీకు గుర్తుండొచ్చు. డబ్బా తెరిస్తే గాజు గొట్టంలో పాదరసం పైకీ కిందికీ ఆడతా ఉండేది. ఇప్పుడు బ్యాటరీతో నడిచే మిషన్లు వచ్చినాయి. పాదరసం ఎందుకు పోయింది అని మన మిల్లు జనం తెలుసుకోవాల. ఎందుకంటే ఆ కథ కార్మికుల కథ గుడా.

జపానులో మినమాట అనే ఊర్లో ఒక ఫ్యాక్టరీ పాదరసం కలిసిన నీళ్లు సముద్రంలోకి వదిలె. ఆ చేపలు తిన్న జనానికి నరాలు చెడిపోయె. ఆ ఊరి పేరు మీదనే 2013లో దేశాలన్నీ పాదరసం తగ్గించుకోవాలని ఒప్పందం చేసుకున్నాయి. మన తమిళనాడులోనూ ఇట్లాంటిదే జరిగింది. అమెరికా నుంచి కొడైకెనాలుకు వచ్చిన థర్మామీటర్ల ఫ్యాక్టరీ 2001లో మూతపడింది. అక్కడ పనిచేసినవాళ్లు ఏండ్ల తరబడి పోరాడితే, 2016లో 591 మంది కార్మికులతో కంపెనీ రాజీకి వచ్చింది. అన్నిన్ని దేశాలు పాదరసం వద్దనుకున్నందుకే ఈ పొద్దు మన వీధిలో ఒకామె పాదరసం లేని మిషను సంచిలో వేసుకొని నడిచి రాగలుగుతా ఉంది.

కరోనా కాలంలో వేలికి తగిలించే చిన్న ఆక్సిజన్ మిషను మనందరం చూస్తిమి. దాని వెనకాల ఉండే ఉపాయం 1974లో జపాను ఇంజనీరు తకువో అయోయాగిది. ఆయన 2020 ఏప్రిల్‌లో, లోకమంతా ఆ మిషను కోసం పరుగులు తీసే కాలంలోనే చనిపోయినాడు. ఎక్కడో జపానులో ఒకాయన కనిపెడితే మత్తిగిరిలో మా ఎదురింటి అవ్వ వేలికి అది చేరింది.

యంత్రం వచ్చె, భాష రాలేదు

మిషనుకు భాష అక్కర్లేదు గానీ దాన్ని నడిపించే ఏర్పాటుకు భాష కావాల. 2021 మే నెలలో 18 నుంచి 44 ఏండ్ల వాళ్లకు టీకా కావాలంటే కంప్యూటరులోనో ఫోనులోనో ముందే పేరు ఎక్కించుకోవాలని కేంద్రం రూలు పెట్టింది. ఆ కోవిన్ మొదట ఇంగ్లీషులోనే ఉండె. ఆ నెలాఖరులో సర్కారు ఆస్పత్రుల్లో నేరుగా పోయినా పేరు రాసుకోవచ్చనిరి. జూన్ నెలలోనే హిందీ, తమిళం, తెలుగు లాంటి భాషలు దాంట్లో వచ్చె. ఆ లోపల ఫోను చదవడం తెలిసినోళ్లు ముందు వేయించుకొనిరి. నూలు మిల్లు హాస్టళ్లలో ఒడిశా, బీహారు నుంచి వచ్చిన పిల్లలు, ఇక్కడి భాషా రాక, ఇంగ్లీషూ రాక, సూపరువైజరు చేతిలో ఫోను పెట్టి నిలబడిరి.

దూరాన ఉండే డాక్టరు ఫోనులో చూసే వైద్యం మన తెలుగు వాళ్లకు కొత్త కాదు. చిత్తూరు జిల్లా అరగొండలో, అపోలో ప్రతాప్ రెడ్డి సొంత ఊర్లో, 2000 మార్చి 24న శాటిలైటు ద్వారా పెద్ద ఆస్పత్రికి కలిపిన పల్లె ఆస్పత్రిని అమెరికా అధ్యక్షుడు క్లింటన్ ప్రారంభించినాడు. 108 బండి 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలై, 2008లో తమిళనాడుకు వచ్చె. 2020లో లాక్‌డౌన్ పెట్టినాక ఇంట్లో కూర్చొనే డాక్టరుతో మాట్లాడే ఇ-సంజీవని వచ్చె. ఇవన్నీ మంచివే. కానీ వీటన్నిటికీ ఓటీపీ వచ్చే ఫోను కావాల, మాట అర్థమయ్యే మనిషి పక్కన ఉండాల. మా పక్కింటి పెద్దామె కార్డుకు కట్టిన ఫోను నంబరు బెంగుళూరులో పనిచేసే మనుమడిది. ఇక్కడ ఆమె చీటీ కోసం నిలబడితే ఓటీపీ అక్కడ పోతుంది. వాడు డ్యూటీలో ఉంటే ఫోను ఎత్తడు. వాడు ఎత్తేదాకా ఆమె అరుగు మీద కూర్చోవాల్సిందే.

ఏ పని చేస్తావని ఎవురూ అడగలేదు

ఇంక అసలు మాటకు వస్తాను. మన మిల్లు జనానికి బీపీ, షుగరుతో పాటు ఇంకొక జబ్బు ఉంది. అది దూది దుమ్ము జబ్బు. డాక్టర్లు దీన్ని బిస్సినోసిస్ అంటారు. బ్లో రూములో, కార్డింగులో దుమ్ము ఎక్కువ కాబట్టి అక్కడ ఏండ్ల తరబడి చేసినవాళ్లకు ఎక్కువ వస్తుంది. దీని గుర్తు ఒకటుంది. వారం సెలవు అయినాక మొదటి రోజు పనికి పోతే ఎదురొమ్ము బిగపట్టినట్లు ఉంటుంది, దగ్గు వస్తుంది. రెండో రోజు కొంచెం తగ్గుతుంది. మేమంతా దాన్ని "సెలవు బద్ధకం" అని నవ్వుకొనేవాళ్లం. మొదట్లోనే దుమ్ము నుంచి తప్పించుకుంటే సర్దుకుంటుంది. ఏండ్లు గడిస్తే అన్ని రోజులూ ఆయాసమే, మళ్లా పోదు. బీడీ తాగేవాళ్లకు ఇంకా కష్టం.

ఈ జబ్బు మొదట్లో ఎక్స్‌రేలో కనిపించదు. నేను రిటైరు అయినాక ఆయాసం వస్తా ఉంటే ఒక చోట ఎక్స్‌రే తీసి, "పెద్దాయనా, ఏమీ లేదు, వయసు అంతే" అని పంపించిరి. ఫారంలో పేరు, వయసు, ఆధార్ నంబరు, ఫోను నంబరు అన్నీ రాసుకొనిరి. ఏ పని చేస్తివని ఎవురూ అడగలేదు. ఇంకో చోట ఒక డాక్టరమ్మ ఆ మాట అడిగె. మిల్లు అన్నాను. వెంటనే ఒక గొట్టం నోట్లో పెట్టి బలంగా ఊదమనె. దాన్ని స్పైరోమీటరు అంటారు. ఊపిరి ఎంత బయటికి వస్తుంది, ఎంత వేగంగా వస్తుంది అని అది కొలుస్తుంది. అప్పుడు తెలిసె.

ఆ డాక్టరమ్మ నాకు ఒక సంగతి చెప్పింది. 300 ఏండ్లకు ముందు, 1700లో, ఇటలీలో రమజ్జిని అనే వైద్యుడు పనివాళ్ల జబ్బుల మీద పుస్తకం రాసినాడంట. నార దువ్వేవాళ్లకు వచ్చే దగ్గు గురించి గుడా దాంట్లో ఉందంట. రోగిని అడిగే ప్రశ్నల్లో ఏ పని చేస్తావనేది తప్పకుండా ఉండాలని ఆయన డాక్టర్లకు చెప్పినాడంట. అది అడగడానికి కరెంటు అక్కర్లేదు, ఫోను అక్కర్లేదు. అయినా ఇప్పటి ఫోనుల కాలంలో ఆ ఒక్క ప్రశ్నే మర్చిపోతా ఉండారు.

లోకం మారితే మన కార్డు మారె

ఒకప్పుడు అమెరికా, యూరపు దేశాలు ఏ దేశం నుంచి ఎంత బట్ట కొనాలని కోటా పెట్టుకొని ఉండె. 2005 జనవరి 1తో అది పోయె. పోటీ పెరిగె. కొన్ని మిల్లులు కొత్త మిషన్లు తెచ్చుకొనె, కొన్ని మూతపడె. పదిమంది చేసే చోట ఇద్దరు చాలనిరి. పర్మినెంటు పోయి కాంట్రాక్టు వచ్చె. దీనికీ ఆస్పత్రికీ ఏం సంబంధం అంటారేమో. మన వైద్యం మన ఉద్యోగానికి కట్టి ఉంది. అదే ఇ.ఎస్.ఐ.

నెలకు 21,000 రూపాయల లోపల జీతం ఉండేవాళ్లకు ఇ.ఎస్.ఐ. వర్తిస్తుంది. 2019 జూలై నుంచి మన జీతంలో నూటికి ముప్పావు రూపాయి, యజమాని మూడుంపావు రూపాయి కట్టాల. అంటే 12,000 జీతానికి మన పాలు 90, యజమాని పాలు 390. కాంట్రాక్టు మనిషికీ ఇది హక్కే. ఈ దుమ్ము జబ్బు పనివల్ల వచ్చే జబ్బుల జాబితాలో ఉంది. అంటే పనిలో దెబ్బ తగిలిన మాదిరే లెక్క. కానీ చీటీలో మనం చేసే పని రాయకపోతే, జీతం స్లిప్పులో ఇ.ఎస్.ఐ. నంబరు లేకపోతే, ఈ హక్కు కాగితం మీదనే ఉండిపోతుంది.

రిటైరైనవాళ్లకు ఒక మంచి మాట. ఐదేండ్లు తక్కువ కాకుండా ఇ.ఎస్.ఐ. కట్టి వయసు అయి దిగిపోయినవాళ్లు ఏడాదికి 120 రూపాయలు కడితే తనకూ, భార్యకో భర్తకో వైద్యం దొరుకుతుంది. ఈ సంగతి తెలియక శానా మంది ప్రైవేటు ఆస్పత్రులకు వేలు పోస్తా ఉండారు.

ఇంట్లో చేయాల్సిన పనులు

ఇంటికి మాత్రలు తెచ్చే ఆమె వచ్చినప్పుడు, "నేను మిల్లులో ఇన్నేండ్లు చేసినా, ఫలానా డిపార్టుమెంటు" అని మీరే చెప్పండి. అడగలేదని ఊరుకోవద్దండి. ఆమె సంచిలో ఊపిరి కొలిచే మిషను లేదు, అది ఆమె తప్పు కాదు. పెద్ద ఆస్పత్రికి రాసి పంపమని అడగండి. 2022 జనవరిలో కృష్ణగిరికి సర్కారు మెడికల్ కాలేజీ వచ్చింది. హొసూరులో ఇ.ఎస్.ఐ. ఆస్పత్రి ఉంది. పోయినప్పుడు మీరు చేసే పనేందో చీటీలో రాయించుకోండి.

కార్డుకు కట్టే ఫోను నంబరు ఇంట్లో ఉండేవాళ్లదే ఇవ్వండి. పాత చీటీలు, స్లిప్పులు పారేయొద్దండి, ఒక సంచిలో వేసి పెట్టండి. ఫోను చెడిపోయినా కాగితం ఉంటుంది. హాస్టలులో ఉండే ఒడియా, హిందీ పిల్లలకు ఆయాసం వస్తే మీరు తోడు పొండి. భాష రాక మనం పడిన కష్టం వాళ్లూ పడతా ఉండారు.

సంఘాలకు ఒక మాట. సామనపల్లి నుంచి మొదలైన పథకంలో మిల్లులు ఎక్కువగా ఉండే చోట ఊపిరి పరీక్ష గుడా చేర్చమని అర్జీ పెట్టాల. ఏ పని చేస్తావనే ప్రశ్న ఫారంలో ఉండాలని అడగాల. బీపీకి ఇంటికే వచ్చినవాళ్లు, అడిగితే ఊపిరికి మాత్రం ఎందుకు రారు? అర్జీ రాసే పొద్దు నన్ను పిలవండి. 32 ఏండ్ల దుమ్ము మింగినోడి సంతకం ఒకటి దాని మీద ఉంటుంది.