పాట స్పీకర్‌కు, మాట హెడ్‌సెట్‌కు: కొన్ని అపోహలు

ఇంటి నుంచి పని మొదలయ్యాక కుప్పం, పుంగనూరు, మదనపల్లె ఇళ్లలో కూర్చుని బెంగళూరు ఆఫీసు పనులు చేసేవాళ్లున్నారు. పెళ్లి మండపంలోనూ బడి వార్షికోత్సవంలోనూ పాటలు వేసేదీ ఇప్పుడు ల్యాప్‌టాప్ నుంచే. వీళ్లందరికీ కావలసింది ఒకటే: ఒక శబ్దం స్పీకర్లకు వెళ్లాలి, మరొకటి చెవికే వినపడాలి. కుప్పం పల్లెలకు 2002లోనే హెచ్‌పీ ‘ఐ-కమ్యూనిటీ’ పేరుతో కంప్యూటర్ కేంద్రాలు వచ్చాయి కాబట్టి ఈ పక్క వాళ్లకు కంప్యూటర్ కొత్త కాదు. శబ్దం సంగతిలో మాత్రం కొన్ని నమ్మకాలు కదలకుండా ఉన్నాయి.

అపోహ: “ఒక కంప్యూటర్లో ఒకసారికి ఒకే సౌండు వస్తాదన్నా, రెండు కావాలంటే ఇంకో సిస్టం పెట్టాల్సిందే.”

ఇది ఎప్పుడో పోయిన మాట. స్పీకర్ల జాక్, యూఎస్‌బీ హెడ్‌సెట్, బ్లూటూత్, హెచ్‌డీఎంఐ తీగతో కలిపిన టీవీ, వీటిలో ప్రతిదీ కంప్యూటర్‌కు వేరే పరికరమే. విండోస్ 10కు 2018 ఏప్రిల్‌లో వచ్చిన అప్‌డేట్ నుంచి ఏ ప్రోగ్రాం శబ్దం ఏ పరికరానికి వెళ్లాలో సెట్టింగ్స్‌లోనే చెప్పవచ్చు. విండోస్ 11లో అయితే సిస్టమ్, సౌండ్, ఆపైన వాల్యూమ్ మిక్సర్. ఆ జాబితాలో ప్రోగ్రాం పేరు కనపడాలంటే ముందు అది ఏదో ఒక శబ్దం చేస్తూ ఉండాలి. ఇది తెలియక ‘మా దాంట్లో ఆ ఆప్షనే లేదు’ అనుకునేవాళ్లు ఎక్కువ. విండోస్ 7తోనే నెట్టుకొస్తున్నవాళ్లకు ఈ సదుపాయం లేదు. అయినా వీఎల్‌సీలో ఆడియో మెనూలోకి వెళితే పరికరాన్ని అక్కడే ఎంచుకోవచ్చు. జూమ్‌లోనూ అంతే.

అపోహ: “రెండు పిన్నుల స్ప్లిట్టర్ కొంటే సరిపోతుంది.”

సరిపోదు. ఒకే కుళాయి నీళ్లు రెండు బిందెల్లోకి పట్టినట్టు, స్ప్లిట్టర్ ఒకే శబ్దాన్ని రెండుచోట్లకూ పంచుతుంది. దాన్ని కొన్న డబ్బుకు ఇంకొంచెం కలిపితే చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు వస్తుంది. కొన్ని వందల రూపాయల వస్తువే అయినా కంప్యూటర్ దాన్ని రెండో పరికరంగా గుర్తిస్తుంది. ల్యాప్‌టాప్‌లో ఇది మరీ అవసరం. చాలా ల్యాప్‌టాప్‌లలో లోపలి స్పీకరూ పక్కనున్న జాకూ కలిపి ఒకే పరికరం. పిన్ను దూర్చగానే స్పీకర్ మూగబోవడం అందుకే, అది పాడవడం కాదు. డెస్క్‌టాప్‌లో ముందు జాక్‌కూ వెనక జాక్‌కూ కూడా సాధారణంగా ఇదే తంతు. అయితే రియల్‌టెక్ డ్రైవర్ ఉన్న చాలావాటిలో ముందువైపు, వెనకవైపు వేర్వేరు శబ్దాలు వినిపించే ఆప్షన్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ఉంటుంది. రూపాయి ఖర్చు లేని మార్గమిది. షాపుల్లో దీని మాట ఎత్తరెందుకో!

ఇక ఫంక్షన్లలో పాటలు వేసేవాళ్ల సంగతి. రవీంద్రనాథ్ ఠాగూర్ 1919లో మదనపల్లె వచ్చినప్పుడు ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి మార్చింది ఇక్కడి థియోసాఫికల్ కాలేజీలోనే. దాని బాణీకి స్వరాలు రాసిపెట్టింది మార్గరెట్ కజిన్స్. అలాంటి ఊళ్లో బడి వేడుక చివర అందరూ నిటారుగా నిలబడి ఉండగా, గీతం మధ్యలో వాట్సాప్ ‘టింగ్’ మని స్పీకర్లలోంచి వస్తే ఏం బాగుంటుంది? దీనికి చాలామంది చేసేది నెట్ కట్ చేయడం. అంతకన్నా తేలిక పద్ధతి ఉంది. అందరూ స్పీకర్లనే డిఫాల్ట్‌గా పెట్టుకుంటారు, తిరగేసి పెట్టండి. హెడ్‌సెట్‌ను డిఫాల్ట్ చేసి, పాట వేసే ప్రోగ్రాంను మాత్రం స్పీకర్లకు కేటాయించండి. విడిగా ఏమీ చెప్పని శబ్దాలన్నీ, మెసేజ్‌లూ హెచ్చరికలతో సహా, మీ చెవిలోనే మోగుతాయి. తర్వాతి పాటను ముందుగా చెవిలో విని చూసుకోవాలంటే ‘మిక్స్’ (Mixxx) అనే ప్రోగ్రాం ఉంది, ఉచితం. అందులో స్పీకర్లకూ హెడ్‌ఫోన్‌కూ వేర్వేరు దారులు పెట్టుకోవచ్చు.

అపోహ: “బ్లూటూత్ హెడ్‌సెట్ నకిలీది, మీటింగ్ మొదలవగానే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంది.”

నకిలీది కాకపోవచ్చు. మామూలు బ్లూటూత్‌లో పాట వినడానికి ఒక పద్ధతి, మైకు కూడా వాడితే మరొకటి. మైకు తెరవగానే రెండోదానికి మారుతుంది, స్టీరియో పోయి నాణ్యత పడిపోతుంది. మైకుగా ల్యాప్‌టాప్‌దే ఎంచుకుంటే చెవిలో శబ్దం మళ్లీ బాగుపడుతుంది.

కాల్ రాగానే స్పీకర్లలో పాట సన్నబడితే అదీ యంత్రం లోపం కాదు. కాల్ నడుస్తుంటే మిగతా శబ్దాలను 80 శాతం తగ్గించమని విండోస్‌లో ముందే రాసిపెట్టి ఉంటుంది. పాత కంట్రోల్ ప్యానెల్ సౌండ్ కిటికీలో ‘కమ్యూనికేషన్స్’ ట్యాబ్‌కు వెళ్లి ‘డూ నథింగ్’ ఎంచుకుంటే ఆగిపోతుంది.

ఒకటి మాత్రం నిజంగానే కుదరదు. క్రోమ్‌లో ఒక ట్యాబ్ భక్తిపాటను స్పీకర్‌కూ, మరో ట్యాబ్ క్లాసును హెడ్‌సెట్‌కూ వాల్యూమ్ మిక్సర్‌తో విడదీయలేం. దాని లెక్కలో క్రోమ్ అంతా ఒకే ప్రోగ్రాం. పాటను ఫైర్‌ఫాక్స్‌లో తెరిస్తే పని జరిగిపోతుంది. ఏది ఎటు పోతుందో అంతా కలగాపులగమైతే అదే మిక్సర్ పేజీ చివర రీసెట్ ఉంది. అది నొక్కితే అన్నీ డిఫాల్ట్ పరికరానికి తిరిగొస్తాయి.